పదకొండో చెరువు మీద పచ్చ రంగు

రేపల్లె,
మార్చి 6

చి. హేమకు,

ఫోన్ చేస్తే ఎత్తవు. మీ అన్నయ్య నంబరు నుంచి చేసినా ఎత్తవు. వాట్సాప్‌లో పెడితే చూసినట్టు నీలం గీతలు కూడా పడవు. పోస్టాఫీసు ఇంకా మూసెయ్యలేదు కదా అని ఇది రాస్తున్నాను. పెళ్ళయ్యాక నేను ఉత్తరం రాయడం ఇదే మొదలు. దస్తూరీ చూసి నవ్వుకోకు.

విషయం చిన్నదే. కంప్యూటర్లు పాతబడ్డాయని మా తమ్ముడు ప్రణీత్ అన్నిట్లోనూ కొత్త విండోసు, కొత్త ఎక్సెల్ వేశాడు. బాపట్ల లేబులో కూడా వేశాడు. అక్కడి కంప్యూటర్‌కి కొత్త పేరు కూడా పెట్టాడు. బీటెక్ చదివినవాడు, తెలిసే చేశాడు. అప్పట్నుంచి మన చెరువుల షీటు తెరిస్తే చాలు, ఒక పెట్టె అడ్డంగా వచ్చి ఇంగ్లీషులో ఏదో తిడుతోంది. డేటాబేసుతో కనెక్షన్ తెగిపోయిందంట.

ఆ షీటు సంగతి నీకు చెప్పక్కర్లేదు, అయినా చెప్తాను, వదిలేసి వెళ్ళిన పని ఎలాంటిదో గుర్తుండాలి కదా. బాపట్లలో ప్రేమ్ కుమార్ నీళ్ళు పరీక్ష చేసి అంకెలు డేటాబేసులో ఎక్కిస్తాడు. ఇక్కడ షీటు ఆ అంకెలు లాక్కుని ఒక్కో చెరువుకీ పచ్చో పసుపో ఎరుపో వేస్తుంది. తెల్లారేసరికి ఆ రంగుల ఫోటో రైతులందరికీ వెళ్తుంది. పచ్చ పడితే మేత వేస్తారు, ఎరుపు పడితే మేత ఆపి నీళ్ళు మారుస్తారు. రొయ్యల బతుకంతా ఆ రంగు మీదే ఉంది. మన బతుకూ అంతే.

ప్రణీత్‌కి హైదరాబాదులో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. గుంటూరు నుంచి ఇంకొకతన్ని పిలిపిస్తే, ఇది పాత గుడ్డలన్నీ కలిపి కుట్టిన బొంతలా ఉంది, కుట్టినవాళ్ళనే పిలుచుకోండి అని టీ తాగి వెళ్ళాడు. కాబట్టి నువ్వొకసారి వచ్చి చూసిపో. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి తిరిగి తెనాలి చేరొచ్చు. భోజనం ఇక్కడే.

మీ వదిన
ప్రమీలారాణి

*

తెనాలి,
మార్చి 11

ప్రమీలారాణి మేడమ్ గారికి,

టైపు చేసే అమ్మాయి నమస్కారాలు.

మీరు మర్చిపోయి ఉంటారు, నేను మర్చిపోలేదు. కొత్త ఆఫీసు ప్రారంభం నాడు ఫీడ్ కంపెనీ వాళ్ళు వచ్చి, “ఈ రంగుల షీటు ఎవరు కట్టారండీ, చాలా బావుంది” అని అడిగారు. నేను కాఫీ గ్లాసులు పట్టుకుని మీ పక్కనే ఉన్నాను. “మా తమ్ముడు చూసుకుంటాడండి, ఈ అమ్మాయి టైపు చేస్తది” అన్నారు మీరు. అన్నయ్య అక్కడే ఉన్నాడు. గోడమీద గడియారం చూసుకున్నాడు.

ఆ తర్వాత వారం తిరక్కుండా నా బట్టలూ, పుస్తకాలూ, ఛార్జరూ రొయ్యల మేత గోతంలో కుక్కి వరండాలో పెట్టించారు. ఇంట్లో సూట్‌కేసు లేక కాదు. ఆ గోతాన్ని భుజాన వేసుకుని నన్ను బస్సెక్కించి, తెనాలిలో దిగి, ఈ మేడ మీద గది ఇప్పించి వెళ్ళింది చెంచురామయ్య బాబాయ్. వరసకి బాబాయేగానీ రక్తసంబంధం లేదు. రక్తసంబంధం ఉన్నవాడు గడియారం చూసుకున్నాడని చెప్పాను కదా. ఆ బట్టలకి మేత వాసన ఎన్ని ఉతుకులకీ పోలేదు.

రేపల్లె నేను రాను. మీ ఇంట్లో భోజనం చెయ్యను. ఫోన్ ఎత్తను. మీకేం కావాలో కాగితం మీద, మీ చేత్తో, వివరంగా రాసి పంపండి. నేను టైపు చేసేదాన్ని కాబట్టి ఏది చెయ్యమంటే అది చేస్తాను. సొంత తెలివి వాడను. అది బీటెక్ వాళ్ళ పని.

ఒక్క మాట అడుగుతున్నాను. చెంచురామయ్య బాబాయ్ ఈ పంట రొయ్య వేశాడా? వేస్తే ఎవరి దగ్గర నీళ్ళు చూపించుకుంటున్నాడు? పంట ఉన్నన్నాళ్ళూ ఆయన గట్టు దిగడు, ఫోన్లో చెప్తే వినపడదు. అందుకని మిమ్మల్ని అడగాల్సి వచ్చింది.

హేమ

*

బాపట్ల,
మార్చి 16

హేమమ్మకు,

నీ ఉత్తరం చదివి రెండుసార్లు చింపబోయాను. అవసరం నాది కాబట్టి మడిచి సంచీలో పెట్టుకున్నాను. లేబుకొచ్చి ప్రేమ్ కుమార్ బల్ల దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను. అతను అటు తిరిగి నవ్వుకుంటున్నాడు, మేడమ్ గారు హోంవర్కు చేస్తున్నారని.

ఆ పెట్టెలో ఉన్న మాటలు చూసి రాసుకొచ్చాను: ప్రొవైడర్ ఈజ్ నాట్ రిజిస్టర్డ్. ఇదీ దాని తిట్టు. పెట్టె వచ్చిన దగ్గర్నుంచీ ప్రేమ్ కుమార్ రోజూ ఫోన్లో నలభై చెరువుల అంకెలూ చెప్తుంటే, నేను రాసుకుని, ఏది పచ్చో ఏది ఎరుపో చూసుకుని రైతులకి పంపుతున్నాను. గొంతు పోతోంది, కళ్ళు పోతున్నాయి. మీ అన్నయ్య సంగతి తెలిసిందే, ఊళ్ళో వాళ్ళ తగువులు తీర్చడానికే పొద్దు చాలదు.

పైగా ఆఫీసుకొచ్చిన రైతులు ఆ పెట్టె చూసి, “ఏంటమ్మా, మీ కంప్యూటర్ పాడైపోయిందంటగా” అని అడుగుతున్నారు. ఇద్దరు ఇప్పటికే వేరే కన్సల్టెంటు దగ్గరికి వెళ్ళిపోయారు. నా పరువు పోతోంది హేమా. కాబట్టి నువ్వు చెప్పమన్నట్టే వివరంగా చెప్తున్నాను. ఆ పెట్టె రాకూడదు. షీటు తెరిస్తే మునుపట్లా ఆ రోజు తేదీ, రంగులు కనపడాలి. అంతే, ఇంకేమీ అక్కర్లేదు. నాకు పాఠాలు చెప్పకు, ఏది నొక్కాలో రాయి చాలు.

చెంచురామయ్య గారు ఈ పంట రొయ్య వెయ్యలేదు. సంగం జాగర్లమూడిలో వాళ్ళ బావమరిది పొలం చూసుకుంటున్నాడని విన్నాను. ఆయన సంగతి ఇంతకు మించి నాకు తెలీదు.

ప్రమీలారాణి

*

తెనాలి,
మార్చి 20

మేడమ్ గారికి,

మీరు అడిగింది అందింది. పెట్టె రాకూడదు, రోజు తేదీ కనపడాలి, రంగులు కనపడాలి. ఏది నొక్కాలో మాత్రమే రాస్తున్నాను.

షీటు తెరవండి. పెట్టె వస్తే మూసెయ్యండి. పైన ‘డేటా’ అని ఉన్నచోట నొక్కండి. అందులో ‘కనెక్షన్స్’ అని ఉంటుంది, అది నొక్కితే పక్కన ఒక పేరు కనపడుతుంది. దానిమీద కుడివైపు మీట నొక్కి ‘ప్రాపర్టీస్’లోకి వెళ్ళండి. అక్కడ ఫైలు తెరవగానే రిఫ్రెష్ చెయ్యమనే మాటకి టిక్కు పెట్టి ఉంటుంది. తీసెయ్యండి. దాని పైన ఇన్ని నిమిషాలకోసారి రిఫ్రెష్ చెయ్యమనే టిక్కు ఉంటుంది. అదీ తీసెయ్యండి. సేవ్ చేసి మూసెయ్యండి.

ఇక పెట్టె రాదు. రంగులు ఉంటాయి. పైన తేదీ ఏ రోజుకా రోజు మారుతుంది. పొద్దున్నే తేదీ చూసుకోవడం అన్నయ్యకి ఇష్టమని, ఎప్పుడు తెరిస్తే ఆ రోజు తేదీ పడేట్టు నేనే పెట్టాను. దానికి డేటాబేసుతో పనిలేదు.

ఇంకేమైనా కావాలంటే అడగండి. అడిగితే చెప్తాను. అడగనిది చెప్పను.

చెంచురామయ్య బాబాయ్ సంగతి రాసినందుకు థాంక్స్. రొయ్య మానేసి మంచిపని చేశాడు. ఈ వయసులో రాత్రీ పగలూ చెరువుకి గాలి కొట్టే ఏరేటర్ల చప్పుడు వింటూ గట్టుమీద పడుకోవడం ఆయన ఒంటికి పడదు.

టైపు చేసే అమ్మాయి

*

రేపల్లె,
ఏప్రిల్ 4

హేమకు,

అయిపోయింది! ఎవర్నీ బతిమాలకుండా, నీ కాగితం పక్కన పెట్టుకుని నా చేత్తో నేనే నొక్కాను. పెట్టె పోయింది. పొద్దున్నే షీటు తెరిస్తే పైన ఆ రోజు తేదీ, కింద బారుగా పచ్చ. ఎక్కడో ఒకటి రెండు పసుపు. ఫోటో తీసి పంపేస్తున్నాను, కాఫీ చల్లారకముందే పని అయిపోతోంది. ప్రేమ్ కుమార్‌కి ఇక ఫోన్లు చెయ్యొద్దని చెప్పాను. వాడు ప్రతిదానికీ “మేడమ్, కొంచెం చూడండి మేడమ్” అని భయపెడుతుంటాడు. నీ పని డేటాబేసులో ఎక్కించడం, చూసుకునేది షీటు అన్నాను.

ఇంతకీ రెండు టిక్కులు తీసెయ్యడం! దీనికోసమా నన్ను ఇన్ని రోజులు కూర్చోబెట్టి కాగితాలు రాయించావు? ఇదేదో బ్రహ్మవిద్య అన్నట్టు తొమ్మిదేళ్ళు మా ఇంట్లో తిని కూర్చున్నావు. మొన్న ఫీడ్ కంపెనీ వాళ్ళు వస్తే, ప్రణీత్ హైదరాబాదు నుంచే బాగుచేశాడని చెప్పాను. నీ పేరు చెప్పాల్సినంత పని నువ్వేం చేశావు గనక?

చెప్తే బాధపడతావుగానీ, మనసు ఇంత ఇరుకైతే మనుషులు దగ్గర ఉండరు. అందుకే ఆ మేడ మీద గదిలో ఒక్కదానివే ఉన్నావు. ఎండలు ముదురుతున్నాయి, మజ్జిగ ఎక్కువ తాగు.

ప్రమీలారాణి

*

తెనాలి,
ఏప్రిల్ 9

మేడమ్ గారికి,

అన్నీ పచ్చగా ఉన్నందుకు సంతోషం. మీ చేతి చలవే అయ్యుండాలి. నేనున్న రోజుల్లో ఏప్రిల్ వచ్చిందంటే భయం. ఎండ, ఎదిగిన రొయ్య, పెరిగిన మేత, చెరువు అడుగున బురద, రోజుకి నాలుగైనా ఎరుపు తిరిగేవి. మీకు మాత్రం మార్చిలో ఉన్న పచ్చ ఏప్రిల్లోనూ అలాగే ఉంది.

ఇక్కడ బోసు రోడ్డులో కంప్యూటర్ సెంటర్‌లో పిల్లలకి ఎక్సెల్ చెప్తున్నాను. ఈ వారం పాఠం ఏంటంటే, తెరమీద కనపడే అంకె వేరు, ఇప్పుడే వచ్చిన అంకె వేరు. కనెక్షన్ తెగినా ఆఖరుసారి వచ్చిన అంకెలు షీటులో చెక్కు చెదరకుండా ఉండిపోతాయి. ఇంటర్ ఫెయిలై వచ్చిన సాయి సుధ అనే పిల్ల వెంటనే లేచి, “మరి అది పాతదని చూసేవాళ్ళకి ఎలా తెలుస్తదండీ?” అని అడిగింది. తెలియదమ్మా, తెలియాలంటే అడగాలి అన్నాను.

మీకు పాఠాలు అక్కర్లేదన్నారు కాబట్టి ఇది పాఠం కాదు, ఊరికే ఊసు. అడగాల్సింది మిగిలిందేమో ఆలోచించుకోండి. మజ్జిగ తాగుతున్నాను.

హేమ

*

రేపల్లె,
ఏప్రిల్ 27

హేమా,

పదకొండో చెరువు పోయింది.

తెల్లారేసరికి రొయ్యంతా గట్టు వెంబడి తేలి ఉంది. పట్టుబడికి వచ్చిన రొయ్య, చేతికి బరువుగా తగిలే రొయ్య. కొంగలు ఎన్ని వాలాయంటే నీళ్ళు కనపడలేదు. కూలీలు వలలేసి లాగుతుంటే రైతు గట్టు మీద కూర్చుని చెయ్యి నీళ్ళలో పెట్టి తిప్పుతున్నాడు, అలా తిప్పితే లేస్తాయన్నట్టు. నేను అక్కడ నిలబడలేకపోయాను.

ఆ పొద్దున కూడా షీటులో పచ్చే ఉంది. నేనే ఫోటో పంపాను. ముందురోజు పచ్చ చూసి ఆ రైతు రాత్రి మేత కూడా వేశాడు. చచ్చిన రొయ్య మీద మేత గింజలు తేలుతున్నాయి.

బాపట్ల పరిగెత్తాను. ప్రేమ్ కుమార్ నావైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. “మేడమ్, పదకొండులో అమ్మోనియా ఎప్పట్నుంచో పెరుగుతా ఉంది. రోజూ ఎక్కిస్తానే ఉన్నా. మీరు ఫోన్లు చెయ్యొద్దన్నారు. మీ దగ్గర ఎరుపు పడట్లేదా?” అన్నాడు. అతని తెర మీద ఎరుపు, నా తెర మీద పచ్చ. ఒకే చెరువు.

నీ ముందటి ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. పిల్లల పాఠం, ఊరికే ఊసు. హేమా, నీకు తెలుసు కదూ? నాచేత టిక్కులు తీయించిన రోజునే నీకు తెలుసు కదూ? ఇంకెన్ని చెరువులు ఇలా ఉన్నాయో చెప్పు. దీన్ని ఎలా బాగుచెయ్యాలో చెప్పు. ఈసారి నేను అడుగుతున్నాను. అన్నీ అడుగుతున్నాను.

ప్రమీల

*

తెనాలి,
మే 1

వదినా,

తెలుసు. టిక్కులు తీయించిన రోజునే తెలుసు.

నువ్వేం అడిగావు? పెట్టె రాకూడదన్నావు. పాపం ఆ పెట్టె ఒక్కటే ఆ ఆఫీసులో నిజం చెప్పేది. కనెక్షన్ లేదు తల్లీ, ఈ అంకెలు నమ్మకు అని రోజూ నీ మొహాన కొట్టి చెప్పింది. దాని నోరు ముయ్యమన్నావు, మూయించాను. మీ తమ్ముడు కొత్త ఎక్సెల్ వెయ్యకముందు ఆఖరుసారి వచ్చిన అంకెలే ఇన్నాళ్ళూ చూస్తున్నావు. పైన తేదీ మాత్రం రోజూ మారుతుంటే అవి ఆ రోజువే అనుకున్నావు. పెట్టె వచ్చినప్పుడు ప్రేమ్ కుమార్ ఫోన్లతో గొంతు పోయినా చెరువులు బాగానే ఉన్నాయి. పెట్టె పోయాకే చచ్చాయి.

కోపం వస్తోందా? రానీ. నీ ఉత్తరం చదివి నాకు ఏడుపు రాలేదు. లేచి స్టవ్వు ముట్టించి ఉప్మా చేసుకుని కడుపునిండా తిన్నాను. ఎవరి చెరువో నువ్వు రాయలేదు, నేనూ అడగను. ఎవరిదైతేనేం, పోయింది నీ పేరు. ఇన్నాళ్ళకి ఆ మేత గోతం వాసన నా ముక్కులోంచి పోయినట్టుంది.

ఇప్పుడు అడిగావు కాబట్టి చెప్తాను. పాత ఎక్సెల్ ముప్పైరెండు బిట్ల రకం, మీ తమ్ముడు వేసింది అరవైనాలుగు బిట్లది. డేటాబేసుకీ ఎక్సెల్‌కీ మధ్య మాటలు మోసే డ్రైవరు పాత రకానిది. కొత్త ఎక్సెల్ కంటికి అది ఆనదు. ముందు అరవైనాలుగు బిట్ల డ్రైవరు దించుకుని వేయించు. తర్వాత అదే ప్రాపర్టీస్‌లో ‘డెఫినిషన్’ అని ఉంటుంది. అందులో కనెక్షన్ రాసిన వరసలో డ్రైవరు పేరు మార్చి, బాపట్ల కంప్యూటర్ పాత పేరు తీసేసి కొత్త పేరు రాయి. పేరు మారిస్తే షీటు పాత ఇంటికే వెళ్ళి తలుపు కొడుతుందని మీ బీటెక్‌కి తట్టలేదు. నీచేత తీయించిన టిక్కులు రెండూ మళ్ళీ పెట్టు. ‘రిఫ్రెష్ ఆల్’ నొక్కు. పైన రోజు తేదీ తీసేసి, ఆఖరుసారి అంకెలు ఎప్పుడొచ్చాయో ఆ తేదీ పెట్టు.

అంతే. గంట పని. మార్చిలో మనిషిలా అడిగుంటే మార్చిలోనే అయిపోయేది.

హేమ

*

రేపల్లె,
మే 5

మా ఇంటి ఆడపడుచు హేమకు,

నువ్వు చెప్పినట్టే చేయించాను. పొన్నూరు నుంచి ఒక కుర్రాడు వచ్చి వేశాడు. రిఫ్రెష్ నొక్కగానే షీటు సగం ఎరుపెక్కింది. రైతులందరికీ మేత ఆపించి నీళ్ళు మార్పించాం. మిగతా చెరువులు దక్కాయి. మీ అన్నయ్య ఇన్నాళ్ళకి ఆఫీసుకొచ్చి కూర్చుని, గడియారం చూసుకోలేదు.

ఎవరి చెరువని నువ్వు అడగనన్నావు. అడక్కపోయినా చెప్తాను, నాకు నీలాంటి నియమాలు లేవు. పదకొండో చెరువు చెంచురామయ్యది.

ఆయన ఈ పంట రొయ్య వెయ్యలేదని నీకు అబద్ధం రాశాను. మా దగ్గర చేరాడని తెలిస్తే నువ్వు మాన్పించేస్తావని రాశాను. జనవరిలో మా ఆఫీసు మెట్లు ఎక్కి, “అమ్మా, హేమ కట్టిన షీటు మీ దగ్గరే ఉందా? ఉంటే నా చెరువు మీరే చూడండి” అన్నాడు. మీ పిన్ని కోటిరత్నం గారి మెళ్ళో గొలుసు తాకట్టు పెట్టిన డబ్బంతా ఆ పంట మీదే ఉంది. ఇప్పుడు లేదు. పొద్దున్నే ఆయన ఫోన్లో పచ్చ పడగానే, “మా హేమ పచ్చ పంపింది” అని పక్క గట్టువాళ్ళకి కూడా చూపించేవాడంట.

వైరస్ వచ్చిందని చెప్పాం. ఆయన నమ్మాడు. ఆదివారం తెనాలి వస్తానంటున్నాడు, నిన్ను చూసి చాలా రోజులైందంట. ఉప్మా చేసి పెట్టు.

ప్రమీలారాణి

*

తెనాలి,
మే 12

వదినా,

బాబాయ్ వచ్చాడు.

స్టీలు క్యారియర్ తెచ్చాడు. ఏరేటర్ పక్కన మూలలో కొంచెం రొయ్య బతికిందంట, దాన్ని పిన్ని ఒలిచి వేపుడు చేసి పంపింది. “నీకిష్టం కదమ్మా, తిను. అమ్ముకోడానికి మిగల్లేదు, తినడానికైనా మిగిలింది” అన్నాడు. మంచం మీద కూర్చుని నేను తినేదాకా చూశాడు. తిన్నాను వదినా. ఆయన చూస్తుంటే ఒక్కటి కూడా వదలకుండా తిన్నాను.

చిక్కిపోయాడు. చొక్కా గుండీలు తప్పు వేసుకున్నాడు. చెవిదగ్గర అరిచి, “చెరువు ఎలా పోయింది బాబాయ్?” అని అడిగాను. “వైరస్ అంటమ్మా, నీళ్ళదే తప్పు. నీ షీటు ఆఖరి రోజుదాకా పచ్చే చూపించింది, చెరువే మోసం చేసింది. తెల్లారి లేచి ఫోన్లో పచ్చ పడితే, మా హేమ లేచింది, బాగుంది, అనుకునేవాణ్ణి. ఆ ధైర్యంతోనే మేత వేసేవాణ్ణి. మళ్ళీ పంట వేస్తే నీ షీటు చూసే వేస్తా” అన్నాడు. నేను చెప్పబోయాను. నోరు తెరిచాను. ఆయన నా తలమీద చెయ్యి వేసి బస్సుకి టైమైందని లేచాడు.

నేను అడుగుతున్నాను వదినా. నిన్ను అడగడం నాకు ఎంత కష్టమో నీకు తెలుసు. ఆయనకి ఇప్పుడే చెప్పకు. నేనే చెప్తాను, ఆయన కొంచెం తేరుకున్నాక చెప్తాను. నన్ను కన్నవాళ్ళు పోయాక నన్ను మనిషిగా చూసింది ఆయనొక్కడే. ఆయన కూడా నన్ను నువ్వు చూసినట్టు చూస్తే నేను బతకలేను. నువ్వు నన్నేమన్నా అను, పడతాను. ఆయనకి మాత్రం చెప్పకు.

నీ
హేమ

*

రేపల్లె,
మే 16

హేమకు,

నేనెందుకు చెప్తాను? నేనూ ఆడదాన్నే, నాకూ జాలి ఉంది.

నీ ఉత్తరాలు మాత్రం పారెయ్యలేదు. బీరువాలో పట్టుచీరల కింద ఉన్నాయి. ‘తెలుసు. టిక్కులు తీయించిన రోజునే తెలుసు’ అన్నది కూడా ఉంది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, చెంచురామయ్య గారు కళ్ళజోడు లేకుండానే చదువుకోగలరు. ఫోన్లో అనుకుని ఉంటే గాలికి పోయేవి. కాగితం మీద రాయాలని పట్టుబట్టింది నువ్వే.

లేబు ఫోన్లు ఆపించింది మీరు కాదా అంటావేమో. అవును, నేనే. ఊరంతా వచ్చి నన్ను తిట్టనీ. నన్ను మంచిదనుకున్నవాళ్ళు ఎప్పుడూ లేరు, నాకు కొత్తగా పోయేదేమీ లేదు. పోయేది నీకే. నిన్ను నమ్మింది ఒక్క మనిషి.

సోమవారం పొద్దున వచ్చి పనిలో చేరు. ప్రణీత్ కుర్చీ నీకు కాదు, తలుపు పక్కన స్టూలు వేయించాను. బయట పడుకుని లోపల పనిచెయ్యి, వరండాలో ఫ్యాను ఉంది. చెంచురామయ్య గారు మళ్ళీ పంటకి మా దగ్గరే చేరారు, నీ షీటు కోసమే. రోజూ వచ్చి నీ ఎదురుగానే కూర్చుంటారు. ఆయన పలకరిస్తే నవ్వుతూ మాట్లాడు. ఫీడ్ కంపెనీ వాళ్ళు వచ్చి నువ్వెవరని అడిగితే ఏం చెప్తానో నీకు తెలుసు. అప్పుడు కూడా నవ్వు.

ఈ ఉత్తరంతోపాటు బస్సులో ఒక ఖాళీ మేత గోతం పంపుతున్నాను. ఉతికించలేదు. నీ సామానంతా అందులో పడుతుంది, ముందోసారి చూశాం కదా.

ప్రమీలారాణి మేడమ్